ఇంగ్లండ్‌లో రెండో బిడ్డ కోసం ఎన్‌హెచ్‌ఎస్ సాయం: మొదటి అపాయింట్‌మెంట్ నుంచి ఒక్కో అడుగు

"మాకు నాలుగేళ్ల పాప ఉంది. రెండో బిడ్డ కోసం ఏడాదిన్నరగా చూస్తున్నాం. ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) అడిగితే ఇప్పటికే ఒకరున్నారు కదా, మీకు రాదు అన్నారు. ఇంక ప్రైవేటుకే వెళ్లాలా?"

ఇంచుమించు ఇవే మాటలతో చాలామంది అడుగుతున్నారు. నాకూ ఒకప్పుడు ఇదే సమాధానం వచ్చింది. అది నమ్మి పది నెలలు ఊరుకున్నాను. ఆ "రాదు" అన్నది ఐవీఎఫ్‌కు ఇచ్చే డబ్బు గురించి మాత్రమేనని, టెస్టులకూ మందులకూ ఆపరేషన్లకూ సంబంధం లేదని తర్వాత తెలిసింది. ఆ పది నెలలు మీకు వృథా కాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను. వరుస ముఖ్యం కాబట్టి మధ్యలో దూకకుండా చదవండి.

## 1. ఏది వస్తుంది, ఏది రాదు

ఇంగ్లండ్‌లో ఐవీఎఫ్‌కు డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది మీ ప్రాంతపు ఐసీబీ (స్థానికంగా ఎన్‌హెచ్‌ఎస్ డబ్బు చూసే బోర్డు) నిర్ణయిస్తుంది. ఎక్కువ ఐసీబీల పాలసీలో దంపతుల్లో ఎవరికైనా బతికున్న బిడ్డ ఉంటే ఐవీఎఫ్ ఇవ్వరు. చాలా చోట్ల ముందు పెళ్లి వల్ల కలిగిన బిడ్డనూ, దత్తత బిడ్డనూ కూడా లెక్కలో వేస్తారు. ఆ బిడ్డ ఇండియాలో ఉన్నా అంతే.

కానీ ఐవీఎఫ్ చివరి మెట్టు. దాని ముందు ఉన్న మెట్లు ఇవి:

- జీపీ (మీ ఏరియా ఫ్యామిలీ డాక్టర్) రాసే రక్తపరీక్షలు, వీర్యపరీక్ష
- స్కాన్లు, ట్యూబుల పరీక్ష
- థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) లాంటివాటికి మందులు
- అండం విడుదల కావడానికి మందులు
- గర్భసంచిలో అతుకులు, పాలిప్స్, ఫైబ్రాయిడ్స్, ఎండోమెట్రియోసిస్‌కు (గర్భసంచి పొరలాంటిది బయట పెరగడం) ఆపరేషన్

చాలా చోట్ల వీటికి బిడ్డ ఉందా లేదా అన్న షరతు వర్తించదు. రెండోసారి గర్భం రాకపోవడానికి ఉన్న కారణాల్లో చాలా వాటికి ఈ మెట్ల మీదే పరిష్కారం దొరుకుతుంది.

## 2. వీసా సంగతి ముందే తేల్చుకోండి

మనవాళ్లలో చాలామందికి ఇది ఆలస్యంగా తెలుస్తుంది. వర్క్ వీసా, డిపెండెంట్ వీసా, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లలో చాలామంది హెల్త్ సర్‌చార్జ్ (వీసాతో పాటు ఎన్‌హెచ్‌ఎస్ కోసం కట్టే ఫీజు) కడతారు. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, స్టూడెంట్లకు 776. అంత కట్టినా, ఇంగ్లండ్‌లో గర్భం రావడానికి చేసే సహాయక చికిత్సలు అందులో లేవు. 2017 ఆగస్టు 21న వచ్చిన నిబంధన ఇది. ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చి ఇక్కడే స్థిరంగా ఉంటున్నవాళ్లకు, పౌరసత్వం ఉండి ఇక్కడే ఉంటున్నవాళ్లకు ఈ అడ్డు లేదు.

వీసా మీద ఉన్నా భయపడి జీపీకి దూరంగా ఉండకండి. జీపీని కలవడం అందరికీ ఉచితమే. నొప్పి, అధిక రక్తస్రావం, థైరాయిడ్, షుగర్ లాంటి జబ్బులకు వైద్యం సర్‌చార్జ్ కిందే జరుగుతుంది. గర్భం వచ్చాక ప్రసవ సేవలకూ అడ్డు లేదు. హాస్పిటల్‌లో ఫెర్టిలిటీ క్లినిక్‌కు వెళ్లే ముందు మాత్రం ఆ హాస్పిటల్ ఓవర్‌సీస్ విజిటర్స్ టీమ్‌కు ఈమెయిల్ పెట్టండి. ఏది ఉచితం, దేనికి బిల్లు వస్తుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. దంపతుల్లో ఒకరికి ఐఎల్‌ఆర్ ఉండి, ఇంకొకరు వీసా మీద ఉంటే ఆ సంగతి మొదటి మెయిల్‌లోనే చెప్పండి. సర్‌చార్జ్ మీద ఉన్న మనిషికి చేసే చికిత్స భాగానికి బిల్లు రావచ్చు.

## 3. ఎప్పుడు వెళ్లాలి

వారానికి రెండు మూడుసార్లు, ఏ అడ్డూ లేకుండా కలుస్తూ ఏడాది అయినా గర్భం రాకపోతే జీపీ పరీక్షలు మొదలుపెట్టాలి. మొదటి బిడ్డ ఉన్నంత మాత్రాన ఈ ఏడాది లెక్క మారదు. "ఒకసారి వచ్చింది కదా, మళ్లీ వస్తుందిలే" అన్న మాట మీద ఇంకో ఏడాది ఆగకండి.

ఈ కింది వాటిలో ఏది ఉన్నా ఏడాది ఆగకుండా వెళ్లండి:

- ఆమె వయసు 36 లేదా అంతకన్నా ఎక్కువ
- నెలసరి 35 రోజులు దాటి రావడం, నెలలు ఎగ్గొట్టడం
- ప్రసవం తర్వాత డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేయడం) చేయడం, మావిని చేత్తో తీయడం
- ప్రసవం తర్వాత నెలసరి బాగా తగ్గిపోవడం
- సిజేరియన్ తర్వాత నెలసరి అయిపోయాక కూడా చాలా రోజులు గోధుమ రంగు మరకలు
- ఎక్టోపిక్ (గర్భసంచి బయట గర్భం నిలవడం), కటి భాగంలో ఇన్ఫెక్షన్, అపెండిక్స్ పగలడం
- ఆయనకు వృషణాల ఆపరేషన్, గవదబిళ్లలు దిగి వృషణాలు వాచడం, కీమో

పాలు తాగే బిడ్డ ఉంటే ఒక మాట. రాత్రిపూట ఎక్కువసార్లు పాలిస్తుంటే అండం విడుదల ఆగిపోవచ్చు. నెలసరి ఇంకా సరిగ్గా మొదలవ్వకపోతే, ఏడాది లెక్క అది మొదలైనప్పటి నుంచి వేసుకోండి. పాలు మాన్పించాలా వద్దా అన్నది మీ నిర్ణయం. దాని కోసం ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టకూడదు.

## 4. అపాయింట్‌మెంట్‌కు ముందు ఇంట్లో చేయాల్సిన పని

జీపీ దగ్గర దొరికేది సాధారణంగా పది నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు పాత కథ చెప్పడానికే పోతే పని జరగదు. ఒక్క కాగితం మీద అంతా రాసి తీసుకెళ్లండి.

రెండో బిడ్డ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి ప్రసవం చరిత్ర. చాలామంది "నార్మల్" లేక "సిజేరియన్" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. డాక్టర్‌కు ఆ తర్వాత జరిగినదంతా కావాలి.

మావి ముక్క లోపల ఉండిపోయి శుభ్రం చేశారనుకోండి. గర్భసంచి గోడలు ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంటుంది. దాన్ని అషెర్‌మన్ సిండ్రోమ్ అంటారు. ఒకప్పుడు ఐదు రోజులు వచ్చే నెలసరి ఒకటిన్నర రోజుకు తగ్గిపోవడం దాని గుర్తు. సిజేరియన్ కుట్టు దగ్గర చిన్న గుంట మిగిలితే అందులో రక్తం నిలిచి, నెలసరి అయ్యాక కూడా మరకలు కనిపిస్తాయి. దాన్ని స్కార్ నిచ్ అంటారు. ప్రసవంలో చాలా రక్తం పోయి, తర్వాత పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, విపరీతమైన నీరసం ఉంటే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండొచ్చు. ఇది అరుదు. కానీ అడిగితే తప్ప బయటపడదు. ప్రసవం తర్వాత మొదటి ఏడాదిలో థైరాయిడ్ తేడా చేయడం మాత్రం అంత అరుదేమీ కాదు.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) పరీక్ష అడగండి. వాళ్లకు ఏడాదికోసారి చేయాల్సిన పరీక్షే ఇది. మన ఆడవాళ్లలో ఈ షుగర్ ఎక్కువ. పాప పుట్టాక ఎవరూ గుర్తుచేయరు, మనమూ మర్చిపోతాం.

కాగితం మీద ఉండాల్సినవి:

- గత ఆరు నెలల పీరియడ్స్ తేదీలు, ఎన్ని రోజులు, రక్తస్రావం ఎంత
- ఎప్పటి నుంచి ప్రయత్నిస్తున్నారు, నెల, సంవత్సరంతో
- మొదటి గర్భం సహజంగా వచ్చిందా, మందులతోనా, ఎంత కాలానికి
- ప్రసవం వివరాలు, ఆ తర్వాత జరిగిన ప్రొసీజర్లు
- గర్భస్రావాలు, ఎన్ని వారాలకు
- ఇద్దరూ వాడే మందులు, ఆయుర్వేదం, జిమ్ పౌడర్లు కూడా
- ఇద్దరి ఎత్తు, బరువు, పొగతాగే అలవాటు
- ఇండియాలో చేయించిన టెస్టుల రిపోర్టులు

ప్రసవం ఇండియాలో అయితే డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ ఫోటోలు తెప్పించుకోండి. ఇక్కడే అయితే హాస్పిటల్‌ను మీ రికార్డులు అడిగే హక్కు మీకు ఉంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు, మామూలుగా నెల లోపు ఇవ్వాలి.

ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఈ రోజే మొదలుపెట్టండి. షుగర్ ఉన్నా, మూర్ఛ మందులు వాడుతున్నా, తలసీమియా ఉన్నా 5 మిల్లీగ్రాముల డోసు అవసరం కావచ్చు. అది చీటీ మీదే దొరుకుతుంది కాబట్టి జీపీని అడగండి.

## 5. జీపీ దగ్గర ఏ మాటతో మొదలుపెట్టాలి

నేను చేసిన తప్పు ఇక్కడే. "మాకు రెండో బిడ్డ కోసం ఐవీఎఫ్ వస్తుందా?" అని అడిగాను. ప్రశ్న ఐవీఎఫ్ గురించి కాబట్టి సమాధానమూ దాని గురించే వచ్చింది. రెండు నిమిషాల్లో బయటకు వచ్చేశాను.

ఇలా చెప్పండి: "ఏడాదిగా ప్రయత్నిస్తున్నాం, గర్భం రావడం లేదు. కారణం ఏమిటో తెలుసుకోవాలి. ఇద్దరికీ పరీక్షలు రాయండి."

అప్పుడు కూడా బిడ్డ ఉందన్న మాట వస్తే ఇంకో వాక్యం: "ఐవీఎఫ్ డబ్బు గురించి నేను ఇప్పుడు అడగడం లేదు. పరీక్షలకు మా ఐసీబీ పాలసీలో ఏ షరతు ఉందో చూపించగలరా?" మర్యాదగా, గట్టిగా. మావారు పక్కన కూర్చుని ఉన్నప్పుడు రెండోసారి ఈ మాట అడిగాను. అప్పుడే ఇద్దరికీ ఫారాలు చేతికి వచ్చాయి.

ఇంగ్లిష్‌లో ఇబ్బందిగా ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను బుకింగ్ సమయంలోనే అడగండి, డబ్బు తీసుకోరు. లేడీ డాక్టర్ కావాలన్నా ముందే చెప్పొచ్చు. ఇలాంటి విషయాలకు బంధువుల చేత మాట్లాడించడం వద్దు. చెప్పుకోవాల్సినవి సగం గొంతులోనే ఆగిపోతాయి.

## 6. రక్తపరీక్షలు: రోజు తప్పితే రిపోర్ట్ తప్పుతుంది

పీరియడ్ మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (అండం పెరుగుదలను నడిపే హార్మోన్లు) పరీక్షలు 2 నుంచి 5 రోజుల మధ్య. థైరాయిడ్, రుబెల్లా, హెచ్‌బీఏ1సీ, క్లమీడియా (కలయిక వల్ల వచ్చే ఇన్ఫెక్షన్; ఇది రక్తంతో కాదు, మూత్రం లేదా స్వాబ్‌తో) ఏ రోజైనా సరే. పాలివ్వకపోయినా రొమ్ముల నుంచి పాలు వస్తుంటే, నెలసరి తప్పుతుంటే ప్రొలాక్టిన్ కూడా.

అసలు చిక్కంతా అండం విడుదలైందో లేదో చూసే ప్రొజెస్టెరాన్ పరీక్షతో. దాన్ని అందరూ "డే 21 టెస్ట్" అంటారు. ఆ 21 అనేది 28 రోజుల సైకిల్ ఉన్నవాళ్లకు మాత్రమే. దాని అసలు అర్థం, రాబోయే పీరియడ్‌కు ఏడు రోజుల ముందు. 30 రోజుల సైకిల్ అయితే 23వ రోజు. 35 అయితే 28వ రోజు.

నా సైకిల్ 34 రోజులు. ఫారం మీద 21 అని ఉంది, 21నే రక్తం ఇచ్చాను. ఫలితం చూసి అండం విడుదల కావడం లేదన్నారు. ఆ వారమంతా ఏడుస్తూనే ఉన్నాను. తర్వాతి నెల 27వ రోజు మళ్లీ చేస్తే రిపోర్ట్ మామూలుగా ఉంది. అప్పటిదాకా లేని జబ్బుకు మందు గురించి ఆలోచిస్తున్నాం మేము.

సైకిల్ ఒక్కో నెల ఒక్కోలా ఉంటే వారం తేడాతో రెండు మూడుసార్లు, పీరియడ్ వచ్చేదాకా చేయమని అడగండి. పరీక్ష తర్వాత పీరియడ్ ఏ తేదీన వచ్చిందో రాసి ఉంచండి. ఆ తేదీ లేకుండా ఆ అంకెకు అర్థం లేదు. లీటరుకు 30 నానోమోల్స్ పైన ఉంటే అండం విడుదలైనట్టు చాలా ల్యాబులు తీసుకుంటాయి.

రిపోర్ట్ గురించి రిసెప్షన్‌లో "నార్మల్" అంటే అక్కడితో వదలకండి. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో అంకెలు చూసుకోండి, కాపీ దాచుకోండి. ఆ తర్వాత వెళ్లే ప్రతి చోటా అవే అడుగుతారు.

## 7. ఆయన పరీక్ష అదే వారంలో

"నాకేం సమస్య, పాప పుట్టింది కదా" అంటారు చాలామంది మగవాళ్లు. నాలుగైదేళ్లలో బరువు పెరుగుతుంది, షుగర్ వస్తుంది, వెరికోసీల్ (వృషణాల దగ్గర రక్తనాళాల వాపు) పెద్దదవుతుంది, కొత్త మందులు మొదలవుతాయి. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెడితే వీర్యకణాల తయారీయే ఆగిపోవచ్చు. పాత లెక్క ఇప్పుడు పనికిరాదు.

ఆమె పరీక్షలన్నీ అయ్యాక ఆయనది చేయిద్దామనుకుంటే నాలుగు నెలలు పోతాయి. ఇద్దరివీ ఒకేసారి మొదలుపెట్టండి.

- ల్యాబ్‌లో ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి
- ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం బయటకు పోకూడదు, ఎక్కువైనా తక్కువైనా రిపోర్ట్ మారుతుంది
- ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి, కండోమ్, జెల్ వాడకూడదు
- కొంచెం కింద పడినా దాచకుండా ఫారంలో రాయాలి
- ఇంట్లో తీస్తే గంట లోపు, చొక్కా లోపల ఒంటి వేడికి ఉంచి తీసుకెళ్లాలి

2021లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన కనీస అంకెలు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఈ 4 శాతం చూసి చాలామంది కంగారుపడతారు. అది మామూలు అంకే.

తక్కువ వస్తే మూడు నెలలకు రెండోసారి చేయిస్తారు, ఎందుకంటే కొత్త కణాలు తయారవడానికి దాదాపు అంత సమయం పడుతుంది. ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి చెప్పండి. కణాలు దాదాపు లేవని వస్తే మాత్రం మూడు నెలలు ఆగకుండా వెంటనే మళ్లీ చేయించాలి.

## 8. రెఫరల్, హాస్పిటల్ ఎంపిక

రిపోర్టుల తర్వాత గైనకాలజీకో, ఫెర్టిలిటీ క్లినిక్‌కో రెఫరల్ వెళ్తుంది. ఇంగ్లండ్‌లో మొదటి అపాయింట్‌మెంట్‌కు ఏ హాస్పిటల్ కావాలో ఎంచుకునే చట్టపరమైన హక్కు పేషెంట్‌కు ఉంది. దగ్గర అని ఒకే పేరు చెప్తే సరేననకండి. మూడు నాలుగు హాస్పిటళ్ల వెయిటింగ్ అడిగి తక్కువ ఉన్నచోట పెట్టించుకోండి. రెఫరల్ నుంచి చికిత్స మొదలయ్యేదాకా 18 వారాలు అన్నది లెక్క. అది దాటేలా ఉంటే వేరే చోటికి మార్చమని ఐసీబీని అడగొచ్చు.

రెఫరల్ లెటర్ కాపీ చూడండి. నెలసరి తగ్గిపోయింది, సిజేరియన్ తర్వాత మరకలు, రెండు గర్భస్రావాలు లాంటి లక్షణాలు అందులో ఉన్నాయా? "సెకండరీ ఇన్‌ఫెర్టిలిటీ, ఒక బిడ్డ ఉంది" అని ఒక్క వాక్యమే ఉంటే అది వెనక్కి వచ్చే ప్రమాదం ఎక్కువ. లక్షణాలు రాసి మళ్లీ పంపమని అడగండి.

గర్భం వస్తూ పోతూ ఉన్నవాళ్లది వేరే దారి. మూడు గర్భస్రావాలైతే రికరెంట్ మిస్‌క్యారేజ్ క్లినిక్‌కు పంపుతారు. రెండింటి తర్వాత కూడా డాక్టర్ విచక్షణ మీద పరీక్షలు చేయొచ్చని ఆర్‌సీఓజీ (బ్రిటన్ గైనకాలజిస్టుల సంస్థ) 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

## 9. గర్భసంచి, ట్యూబుల పరీక్ష

మొదట యోని ద్వారా స్కాన్. సిజేరియన్ అయి ఉంటే కుట్టు చూడమని స్కాన్ చేసేవారికి నోటితో చెప్పండి.

తర్వాత ట్యూబులకు ఎక్స్‌రేతో చేసే హెచ్‌ఎస్‌జీ గానీ, స్కాన్‌తో చేసే హైకోసీ గానీ. పీరియడ్ ఆగాక, అండం విడుదలకు ముందు చేస్తారు. ఒకటో రోజునే ఫోన్ చేసి స్లాట్ అడగండి. ఆ పీరియడ్ నుంచి పరీక్ష దాకా కలవకూడదు. ఈ ఒక్క సూచన తెలియక ఆ రోజు హాస్పిటల్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లున్నారు. క్లమీడియా రిపోర్ట్ కూడా చేతిలో ఉండాలి. పరీక్షకు గంట ముందు పారాసిటమాల్ లేదా ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చా అని అడగండి. నొప్పి కొందరికి బాగానే ఉంటుంది. నొప్పిగా ఉంటే ఆపమని చెప్పే హక్కు మీదే.

అతుకులు, పాలిప్ అనుమానం ఉంటే హిస్టరోస్కోపీ (చిన్న కెమెరాతో గర్భసంచి లోపల చూడటం). ఎండోమెట్రియోసిస్ లేదా పాత ఇన్ఫెక్షన్ ఉంటే నేరుగా లాపరోస్కోపీతో (పొట్ట మీద చిన్న రంధ్రంలోంచి కెమెరా) ట్యూబుల్లోకి రంగు పంపి చూడటం మేలు.

## 10. ఐవీఎఫ్ కాని చికిత్సలు

పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) వల్ల అండం విడుదల కాకపోతే లెట్రొజోల్ లేదా క్లోమిఫీన్, కొందరికి మెట్‌ఫార్మిన్. క్లోమిఫీన్ మొదటి నెలలో స్కాన్‌తో గమనించాలి, ఆరు నెలలకు మించి ఇవ్వకూడదు. ఎవరో తెచ్చిచ్చిన మాత్రలు స్కాన్ లేకుండా వేసుకోవడం చాలా ప్రమాదం. కవలలు, అంతకు మించి రావచ్చు.

కారణం ఏమీ దొరకనప్పుడు ఈ మాత్రలు ఇమ్మని పట్టుబట్టకండి. అండం మామూలుగా విడుదలవుతున్నవారికి వాటివల్ల లాభం లేదని నైస్ (ఎన్‌హెచ్‌ఎస్‌కు వైద్య సూచనలిచ్చే సంస్థ) మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

బరువు సంగతి సూటిగా చెప్తాను. చాలా క్లినిక్‌లు బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతో చూపే లెక్క) 30 లోపు ఉండాలంటాయి. 160 సెంటీమీటర్ల ఎత్తుకు 30 అంటే సుమారు 77 కిలోలు. వెయిటింగ్‌లో ఉన్న నెలలనే దీనికి వాడుకోండి. అపాయింట్‌మెంట్ రోజున తూకం దగ్గర ఆగిపోయి, మళ్లీ వరుస చివరికి వెళ్లడం చాలా బాధ పెడుతుంది.

## 11. ఐవీఎఫ్ అని తేలితే

40 ఏళ్ల లోపువారికి మూడు పూర్తి సైకిళ్లు, 40 నుంచి 42 మధ్య వారికి షరతులతో ఒకటి అని 2013లో నైస్ చెప్పింది. ఐసీబీలు చాలా వరకు అంత ఇవ్వవు, బిడ్డ ఉన్నవారికి చాలా చోట్ల అసలు ఇవ్వవు. అయినా ఈ నాలుగూ చూడకుండా వదిలేయకండి.

పాలసీ కాగితం. మీ జీపీ ఏ ఐసీబీ కిందకు వస్తుందో చూసి, దాని వెబ్‌సైట్‌లో ఫెర్టిలిటీ పాలసీ తీయండి. "బతికున్న బిడ్డ" అన్న వాక్యం ఇద్దరిలో ఎవరికైనా ఉంటే అంటోందా, ఇద్దరికీ ఉంటే అంటోందా? రెండో పెళ్లి చేసుకున్నవారికి ఈ తేడా చాలా పెద్దది. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ఇద్దరిలో ఒకరికి బిడ్డ లేకపోతే అర్హత ఉంటుంది. అయితే ఐవీఎఫ్ కోసమని అడ్రస్ మార్చినట్టు చూపించకండి.

ఫ్రీజ్ చేసిన పిండాలు. మొదటి బిడ్డ ఎన్‌హెచ్‌ఎస్ ఐవీఎఫ్‌తో పుట్టి, పిండాలు మిగిలి ఉంటే వాటి బదిలీకి డబ్బు ఎవరిదో క్లినిక్‌ను రాతపూర్వకంగా అడగండి. బిడ్డ పుట్టాక చాలా చోట్ల మీరే కట్టాలి. 2022 జూలై నుంచి పదేళ్లకోసారి సమ్మతి కొత్తగా ఇస్తూ 55 ఏళ్ల దాకా నిల్వ ఉంచొచ్చు. క్లినిక్ ఉత్తరానికి జవాబివ్వక పిండాలు పోగొట్టుకోకండి. ఇల్లు మారితే అడ్రస్ మార్పించండి.

మొదటి బిడ్డకు జన్యుజబ్బు ఉంటే. ఇది చాలామందికి తెలియదు. తలసీమియా మేజర్, ఎస్‌ఎంఏ (కండరాలు బలహీనపడే జబ్బు) లాంటి జబ్బు ఉన్న బిడ్డ ఉన్నవారికి ప్రతి గర్భంలో నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. ఇలాంటి దంపతులకు పిండాన్ని పరీక్షించి పెట్టే పీజీటీ-ఎం చికిత్సకు ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ దేశవ్యాప్తంగా ఒకే పాలసీతో డబ్బు ఇస్తుంది, మూడు సైకిళ్ల దాకా. ఐసీబీ పాలసీతో దీనికి సంబంధం లేదు. ఇద్దరికీ కలిపి ఆ జబ్బు లేని బిడ్డ ఉండకూడదు, ఆమె వయసు 40 లోపు, బీఎంఐ 19 నుంచి 30 మధ్య ఉండాలి, ఇద్దరూ పొగ తాగకూడదు. జీపీని క్లినికల్ జెనెటిక్స్‌కు రెఫరల్ అడగండి. వయసు షరతు ఉంది కాబట్టి ఇందులో ఆలస్యం వద్దు.

ఐఎఫ్‌ఆర్. పాలసీ కుదరనప్పుడు ప్రత్యేకంగా డబ్బు అడిగే దరఖాస్తు. మీ తరఫున జీపీ లేదా కన్సల్టెంట్ వేయాలి. ఇదే జబ్బున్న మిగతావాళ్లకన్నా మీ వైద్యపరిస్థితి ఎలా భిన్నమో చూపాలి. పాపకు తోడు కావాలన్నది నిజమైన బాధే, కానీ ప్యానెల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. మంజూరయ్యేవి చాలా తక్కువ. నిజంగా అరుదైన వైద్యకారణం లేకపోతే దీని మీద నెలలు గడపకండి.

## 12. సొంత డబ్బుతో వెళ్లేముందు

ఎన్‌హెచ్‌ఎస్ రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. అవే టెస్టులకు మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు. కొటేషన్‌లో మందులు, ఫ్రీజింగ్, నిల్వ, మత్తు ఉన్నాయో లేదో ఒక్కో వరుస అడగండి. అదనంగా అంటగట్టే వాటికి హెచ్‌ఎఫ్‌ఈఏ (ఫెర్టిలిటీ క్లినిక్‌లను పర్యవేక్షించే సంస్థ) ఇచ్చిన రేటింగ్ దాని వెబ్‌సైట్‌లో ఉంది, ఒప్పుకునే ముందు చూడండి.

ఇండియాలో చేయించుకోవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ తయారైన పిండాలను సొంత అవసరానికి దేశం దాటించాలన్నా 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం జాతీయ బోర్డు అనుమతి కావాలి. మిగిలిన పిండాల కోసం మళ్లీ ప్రయాణం చేయాల్సి వస్తుందన్న లెక్కతోనే మొదలుపెట్టండి.

## 13. ఎక్కడ ఆగిపోతారు, ఎలా కదలాలి

- జీపీ రెఫర్ చేయనంటే: కారణం రికార్డులో రాయమనండి. అదే జీపీ క్లినిక్‌లో ఇంకో డాక్టర్‌ను అడగండి. తర్వాత ప్రాక్టీస్ మేనేజర్‌కు ఉత్తరం.
- రెఫరల్ వెనక్కి వస్తే: తిప్పి పంపిన లెటర్ కాపీ తీసుకోండి. ఏ షరతు కింద పంపారో చూసి, లక్షణాలతో మళ్లీ పంపించండి.
- హాస్పిటల్ నుంచి కబురు లేకపోతే: సెక్రటరీకి ఫోన్, తర్వాత పాల్స్ (హాస్పిటల్‌లో పేషెంట్ల ఇబ్బందులు చూసే విభాగం) ఆఫీసుకు ఈమెయిల్.
- పిల్లతో క్లినిక్‌కు వెళ్లాల్సి వస్తే: చాలా ఫెర్టిలిటీ క్లినిక్‌లు పిల్లల్ని తీసుకురావద్దంటాయి. ముందే ఎవరి దగ్గరైనా వదిలే ఏర్పాటు చేసుకోండి.
- అత్తయ్య, అమ్మ ఫోన్‌లో రోజూ అడుగుతుంటే: "డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నాం, ఏదైనా ఉంటే మేమే చెప్తాం" అని మావారి చేత ఒక్కసారి చెప్పించాను. నేను చెప్తే ఆగేది కాదు. ఆ తర్వాత నా టెన్షన్ సగం తగ్గింది.

## 14. టెస్ట్ పాజిటివ్ వచ్చిన రోజు

జీపీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా మిడ్‌వైఫ్‌కు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. ఫెర్టిలిటీ మందులతో వచ్చిన గర్భమైతే క్లినిక్‌కు ఆ రోజే ఫోన్ చేయండి. ముందు ఎక్టోపిక్ అయినవాళ్లు, ట్యూబుకు ఆపరేషన్ అయినవాళ్లు ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్‌లో ఆరేడు వారాల స్కాన్ అడగండి. సిజేరియన్ అయినవాళ్లు పిండం పాత కుట్టు దగ్గర లేదని ఆ స్కాన్‌లోనే నిర్ధారించుకోవడం మంచిది. థైరాక్సిన్ వాడుతుంటే డోసు పెంచాలా అని అదే రోజు జీపీని అడగండి. ఒకవైపు కడుపునొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఎవరి అపాయింట్‌మెంట్ కోసమూ చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.